పాత డైవింగ్ వాచీలు: ఎలా ఎంచుకోవాలి, అసలువేనని ఎలా నిర్ధారించుకోవాలి

పాత డైవింగ్ వాచీలు సేకరించాలనుకునేవారిలో చాలామంది ఒకే భయంతో మొదలుపెడతారు: ఎవరైనా నకిలీ వాచీ అంటగడతారేమోనని. ఆ భయం సహజమే గాని, పూర్తిగా నకిలీ అయిన వాచీని గుర్తుపట్టడం కొన్ని నెలల సాధనతో పట్టుబడే విద్య. అంతకంటే చిక్కైన వ్యవహారం మరొకటి ఉంది. కేస్ (వాచీ లోహపు గూడు) ఒక వాచీది, డయల్ మరొక వాచీది, ముళ్ళు ఇంకొకదానివి. అన్నీ ఆ కంపెనీ తయారుచేసిన భాగాలే, అయినా ఆ వాచీ ఆ రూపంలో ఏనాడూ ఫ్యాక్టరీ గడప దాటలేదు. ఇటువంటి అతుకుల వాచీని సేకర్తలు ‘ఫ్రాంకెన్’ అంటారు. విడివిడిగా చూస్తే ప్రతి భాగమూ అసలుదే కాబట్టి, మీరు వేసుకోవలసిన ప్రశ్న వేరు: ఈ భాగాలన్నీ ఒకే కేస్‌లో, ఒకే కాలంలో, కలిసి వయసు మీరాయా? ఈ వ్యాసంలోని ప్రతి అడుగూ ఆ ప్రశ్నకు జవాబు రాబట్టడానికే.

ఈ చిక్కు కొత్తవారికే పరిమితం కాదు. 2021 నవంబరులో జెనీవాలో జరిగిన వేలంలో 1957 నాటిదిగా చెప్పిన ఒక ఒమేగా స్పీడ్‌మాస్టర్ 30 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. అది చాలావరకు అసలు భాగాలతోనే, కానీ తర్వాత కూర్చిన వాచీ అని 2023లో ఒమేగా సంస్థే ప్రకటించింది. స్పీడ్‌మాస్టర్ డైవింగ్ వాచీ కాదు, అయినా పాఠం ఒక్కటే.

1. ముందు ఒక్క మోడల్‌ను ఎంచుకోండి

తిరిగే బెజెల్ (డయల్ చుట్టూ ఉండే వలయం), నల్లని డయల్, చీకట్లో కనిపించే పెద్ద గుర్తులు కలిసిన రూపం 1953 ప్రాంతంలో స్థిరపడింది. ఫ్రెంచి సైన్యంలో నీటి అడుగున పోరాడే ఈతగాళ్ళ దళానికి చెందిన బాబ్ మలూబియే, క్లాడ్ రిఫో కోరిన అవసరాలకు తగిన వాచీగా బ్లాంక్‌పాన్ వారి ఫిఫ్టీ ఫాథమ్స్ ఆ ఏడాది వచ్చింది. ఫాథమ్ అంటే ఆరు అడుగులు, అంటే మన బార. యాభై బారల లోతు అని ఆ పేరుకు అర్థం. రోలెక్స్ సబ్‌మెరైనర్, జోడియాక్ సీ వుల్ఫ్ కూడా ఆ కాలానివే. ఒమేగా సీమాస్టర్ 300 1957లోను, సెయికో వారి తొలి డైవింగ్ వాచీ ‘62మాస్’ 1965లోను, నారింజ రంగు డయల్‌తో డాక్సా సబ్ 300 1967లోను వచ్చాయి.

ఈ పేర్లన్నీ ఒకేసారి నేర్చుకోవాలని చూడకండి. ఒక్క మోడల్‌ను ఎంచుకుని, దానికి సంబంధించిన ఛాయాచిత్రాలు కనీసం రెండు వందలు చూసిన తర్వాతనే డబ్బు సంగతి ఆలోచించండి. మొదటి వాచీగా నేను సూచించేది 1976 నుంచి 1988 వరకు తయారైన సెయికో 6309-7040. అవి విస్తారంగా తయారయ్యాయి కాబట్టి పోల్చి చూడడానికి నమూనాలకు కొదవ లేదు. పైగా వెనుక మూతపై ఉన్న సీరియల్ నంబరు నుంచే తయారీ నెలను చెప్పవచ్చు. మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె, రెండవది నెల. అక్టోబరుకు సున్న, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డీ ఉంటాయి. దశాబ్దాన్ని మాత్రం మోడల్‌ను బట్టి మనమే తేల్చుకోవాలి. 7తో మొదలయ్యే సీరియల్ ఉన్న 6309 1977 నాటిది కావచ్చు, 1987 నాటిదీ కావచ్చు. 1970లలో తయారైన మరో సెయికో మోడల్ 6105-8110 మీద అదే అంకె ఉంటే 1977 అని చెప్పవచ్చు.

2. ఆ మోడల్‌కు జాతకం వ్రాసుకోండి

ఒక నోటు పుస్తకంలో మీరు ఎంచుకున్న మోడల్‌కు ఏ కాలంలో ఏ డయల్, ఏ ముళ్ళు, ఏ బెజెల్, ఏ మూవ్‌మెంట్ (లోపలి యంత్రం) ఉండాలో వరుసగా వ్రాసుకోండి. నేను దీన్ని జాతకం అంటాను. ఏ వాచీ ఎదురైనా ముందు సీరియల్ నంబరును బట్టి దాని కాలాన్ని తేల్చి, ఆ తర్వాత తక్కిన భాగాలు ఆ కాలానికి కుదురుతున్నాయో లేదో ఒక్కొక్కటిగా చూడాలి.

ఉదాహరణకు రోలెక్స్ సబ్‌మెరైనర్ మోడల్ 5513ను తీసుకుందాం. 1962లో మొదలై 1980ల చివరి వరకు తయారైన ఈ వాచీకి తొలి ఏళ్ళలో నిగనిగలాడే నల్లని డయల్, దానిపై బంగారు వన్నె అక్షరాలు ఉండేవి. 1960ల రెండవ సగంలో మెరుపు లేని డయల్, తెల్లని అక్షరాలు వచ్చాయి. 1980ల నడుమ మళ్ళీ మెరుపు డయల్ వచ్చింది, అయితే ఈసారి వెలుగు చుక్కల చుట్టూ తెల్ల బంగారు అంచులు అమర్చారు. లోతును తెలిపే వరుసలో మొదట 200 మీటర్లు ముందు, 660 అడుగులు తర్వాత ఉండేవి. 1970 దగ్గరికి వచ్చేసరికి అడుగులు ముందుకు వచ్చాయి. లోపల మూవ్‌మెంట్ మొదట 1530, తర్వాత 1520. ఇవన్నీ మీ పుస్తకంలో ఉంటే, 1975 నాటి సీరియల్ ఉన్న కేస్‌లో బంగారు అక్షరాల డయల్ కనిపించిన క్షణంలోనే ఏదో తేడా ఉందని మీకు తెలిసిపోతుంది. ఆ డయల్ అసలుదే కావచ్చు, చాలా విలువైనదీ కావచ్చు. ఆ కేస్‌కు మాత్రం చెందదు.

3. డబ్బు మాట ఎత్తకముందే ఈ ఛాయాచిత్రాలు అడగండి

పగటి వెలుతురులో డయల్‌ను ఎదురుగాను, ఏటవాలుగాను తీసినవి, కేస్‌ను రెండు పక్కల నుంచి తీసినవి, పట్టీ తగిలించే నాలుగు కొమ్ములను దగ్గరగా చూపేవి, వెనుక మూత లోపలి భాగం, మూత తీసిన తర్వాత మూవ్‌మెంట్, చీకటి గదిలో వెలుగు పూత. రోలెక్స్ పాత వాచీలలో సీరియల్ నంబరు 6 గంటల వైపు కొమ్ముల మధ్య, మోడల్ నంబరు 12 గంటల వైపు కొమ్ముల మధ్య చెక్కి ఉంటాయి గనుక పట్టీ విప్పి తీసిన చిత్రం కావాలని స్పష్టంగా చెప్పండి. మూత తెరిచి చూపడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే, ఎంత మర్యాదగా నిరాకరించినా సరే, ఆ వాచీని వదిలేయండి.

4. వెలుగు పూతను అన్నిటికంటే ఎక్కువసేపు పరీక్షించండి

మన వాడుకలో చీకట్లో వెలిగే ప్రతిదాన్నీ రేడియం అనేస్తాం. వాచీ సేకర్త ఆ అలవాటును మానుకోవాలి, ఎందుకంటే సేకర్తలు ల్యూమ్ అని పిలిచే ఆ పూత ఏ పదార్థమో తెలిస్తే వాచీ ఏ కాలానిదో సగం తెలిసినట్లే.

1960ల మొదటి ఏళ్ళ వరకు నిజమైన రేడియమే వాడేవారు. దాని అర్ధాయువు, అంటే దాని శక్తి సగానికి తగ్గడానికి పట్టే కాలం, దాదాపు 1600 ఏళ్ళు. వెలుగునివ్వడానికి దానితో కలిపిన జింక్ సల్ఫైడ్ ఎన్నడో కాలిపోయి వెలగడం మానేసి ఉంటుంది గాని, వికిరణం మాత్రం దాదాపు మొదటిరోజులాగే ఉంటుంది. తర్వాత స్విస్ వాచీలలో ట్రిటియం వచ్చి 1990ల చివరి వరకు సాగింది. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్ళే కాబట్టి, యాభై ఏళ్ళు గడిచిన పూతలో మొదటి శక్తిలో పదహారో వంతు మాత్రమే మిగులుతుంది. జపాన్‌లో నెమోటో సంస్థ 1993లో రూపొందించిన ల్యుమినోవాలో వికిరణం ఏమీ ఉండదు. అది వెలుతురును పీల్చుకుని గంటల తరబడి వెలుగుతుంది.

ఇప్పుడు పరీక్ష. చీకటి గదిలో కూర్చుని కళ్ళు అలవాటు పడేవరకు ఆగండి. అతినీలలోహిత కిరణాల టార్చిని పది సెకన్లు డయల్ మీద పట్టి ఆర్పేయండి. ముసలి ట్రిటియం పూత టార్చి కింద వెలిగి, ఆర్పగానే కొద్ది క్షణాల్లో చల్లారిపోతుంది. గుర్తులు, ముళ్ళు, బెజెల్ మీది చుక్క ఒకేలా వెలిగి, ఇంచుమించు ఒకేసారి చల్లారాలి. వెలుగు నిలకడగా ఉండిపోయిందంటే అక్కడ కొత్త పూత వేశారన్నమాట.

ఈ పరీక్షను ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, దీన్ని ఆలస్యంగా చేసి నేను నష్టపోయాను. ఒకసారి ఒక సెయికో 6105 చేతికి వచ్చింది. కేస్ మీద గీతలు ఉన్నా అంచులు నిలిచి ఉన్నాయి, సీరియల్ సరిగా ఉంది, డయల్ శుభ్రంగా ఉంది. డబ్బు చెల్లించి ఇంటికి తెచ్చుకున్న రాత్రి టార్చి పట్టి ఆర్పాను. రెండు ముళ్ళూ రెప్పపాటులో చీకట్లో కలిసిపోయాయి. డయల్ మీది గుర్తులు మాత్రం ఆకుపచ్చగా అలాగే నిలబడ్డాయి. పావుగంట తర్వాత చూసినా వాటి మధ్య ముళ్ళు నల్లని నీడల్లా కనిపిస్తూనే ఉన్నాయి. ఆ డయల్ ఇటీవల ఎవరో తయారుచేసినది. శుభ్రంగా ఉందని నేను మురిసిపోయిన భాగమే ఆ వాచీలో అన్నిటికంటే చిన్న వయసుది.

టార్చి తర్వాత భూతద్దం. పదింతలు చూపే భూతద్దంలో పాత పూత గరుకుగా, రేణువులు రేణువులుగా కనిపిస్తుంది. అంచుల దగ్గర కాస్త ముదురు రంగు తిరిగి ఉంటుంది, సన్నని పగుళ్ళు ఉండవచ్చు. పాతదనం నటించడానికి రంగు కలిపి వేసిన కొత్త పూత నున్నగా, అన్ని చుక్కల్లోను ఒకే ఛాయలో ఉంటుంది. నిజమైన కాలానికి అంత సమానత ఉండదు. అయితే ముళ్ళ మీది పూత డయల్ మీది పూతకంటే ఒక ఛాయ వేరుగా ఉండడం సహజమే, ఎందుకంటే వాటి కింది ఆధారం వేరు. ఒక ఛాయ తేడాకు భయపడనక్కరలేదు. డయల్ గోధుమ రంగులోను, ముళ్ళు పాలలా తెల్లగాను ఉంటే మాత్రం ముళ్ళు మార్చారని అర్థం.

రేడియం వాచీ అని చెబితే వికిరణాన్ని కొలిచే గైగర్ కౌంటర్‌తో చూపించమనండి. రేడియం అయితే అద్దం పైనుంచే మీటరు చప్పుడు చేస్తుంది. ట్రిటియం కిరణాలు అద్దాన్ని దాటలేవు కాబట్టి మీటరు మౌనంగా ఉంటుంది. ఈ తేడా ఒక పెద్ద తికమకను విప్పుతుంది. డయల్ అడుగున కేవలం ‘స్విస్’ అని ఉంటే అది రేడియం కాలపు డయల్ కావచ్చు, లేదా 1990ల చివర ల్యుమినోవాతో వచ్చిన మార్పిడి డయల్ కావచ్చు. ట్రిటియం డయల్ అయితే ‘స్విస్’ అనే మాటకు ఇరువైపులా ‘టీ’ అక్షరం గాని, పక్కన ‘టీ<25’ అని గాని ఉంటుంది. ముళ్ళు ఏళ్ళ తరబడి ఒకేచోట ఆగిపోయిన రేడియం వాచీలో వాటి కింద డయల్ మీద గోధుమరంగు నీడ పడి ఉండడం కూడా చూస్తాం. దాన్ని లోపమనుకోకండి, ఆ ముళ్ళు, ఆ డయల్ చాలాకాలం కలిసి ఉన్నాయనడానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

5. డయల్ అక్షరాలు

తిరిగి అచ్చు వేసిన డయల్‌ను అక్షరాలే పట్టిస్తాయి. భూతద్దంలో ఫ్యాక్టరీ అచ్చు అంచులు తేటగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. తిరిగి వేసినచోట సిరా పక్కకు పాకి ఉంటుంది, నిమిషాల గీతలు గుర్తుల మధ్యకు సరిగా రావు, అక్షరాల మధ్య ఖాళీలు అసలు నమూనాతో కలవవు. ఒక అక్షరాన్ని ఎంచుకుని, మీరు సేకరించిన చిత్రాలలోని అదే అక్షరంతో పోల్చండి. మొత్తం డయల్‌ను ఒక్క చూపులో చూస్తే కన్ను మోసపోతుంది. సెయికో డయల్ అడుగు అంచున చాలా చిన్న అక్షరాలలో ఒక కోడ్ ఉంటుంది. దానిలోని మొదటి నాలుగు అంకెలు మూవ్‌మెంట్ నంబరుతోను, వెనుక మూత మీది మొదటి నాలుగు అంకెలతోను కలవాలి. చౌకగా దొరికే మార్పిడి డయళ్ళు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి.

6. కేస్, బెజెల్

పాలిష్ అనేది డైవింగ్ వాచీకి జరిగే అతి మామూలు నష్టం. కొమ్ముల పై అంచున ఉండవలసిన ఏటవాలు కోత మిగిలి ఉందా, నాలుగు కొమ్ములూ ఒకే మందంలో ఉన్నాయా, పట్టీ పుల్ల కోసం తొలిచిన రంధ్రాలు కొమ్ము అంచుకు మరీ దగ్గరపడ్డాయా అని చూడండి. గీతలున్న కేస్ నాకు ఎప్పుడూ ఇష్టమే. గీతలు వాడకాన్ని చూపిస్తాయి. పాలిష్ లోహాన్నే తీసేస్తుంది, పోయిన లోహం తిరిగి రాదు. ఇప్పుడు లేజర్ వెల్డింగ్‌తో లోహం నింపి అంచులు కొత్తగా దిద్దుతున్నారు గనుక, యాభై ఏళ్ళ వాచీకి నిన్ననే కోసినట్లున్న అంచులు కనిపిస్తే సంతోషించేముందు ఆ సంగతి నేరుగా అడగండి.

1960లలో ఎన్నో కంపెనీలు కేస్‌లను సొంతంగా తయారుచేసుకోకుండా ఎర్విన్ పికెరే సంస్థ నుంచి తెప్పించుకునేవి. లోతుకు వెళ్ళేకొద్దీ నీటి ఒత్తిడే మూతను మరింత బిగించే ఆ ‘సూపర్ కంప్రెసర్’ కేస్‌లకు సాధారణంగా రెండు క్రౌన్‌లు (పక్కన ఉండే, వేలితో తిప్పే బిరడాలు) ఉంటాయి. ఒకటి లోపలి బెజెల్‌ను తిప్పుతుంది. మూత లోపలి వైపు డైవర్ శిరస్త్రాణం ముద్ర కనిపించాలి. క్రౌన్‌ల మీద ఒకదాన్నొకటి ఖండించే గీతల గళ్ళ చెక్కడం మొదటి నుంచీ ఉన్నదైతే అదృష్టమే, ఎందుకంటే మరమ్మతులలో మొదట మాయమయ్యేవి అవే.

బెజెల్ విషయంలో ఒక్క మాట. ఫిఫ్టీ ఫాథమ్స్ వంటి తొలి వాచీలలో బేకలైట్ (తొలితరం ప్లాస్టిక్) బెజెల్ వాడారు. అది పెళుసు, పగుళ్ళు, చిన్న చిన్న ముక్కలు ఊడడం మామూలే. పగిలినా సొంత బెజెలే మేలు.

7. మూత తెరిపించండి

ఈ పని గడియారాల నిపుణుడి చేతనే చేయించండి. మూవ్‌మెంట్ నంబరు మీ జాతకంలో వ్రాసుకున్నదేనా, మూత లోపల చెక్కిన మోడల్ నంబరు కేస్‌తో కలుస్తోందా అన్నవి మొదట చూడవలసినవి. 1950ల రోలెక్స్ మూతల లోపల రోమన్ అంకెలో మూడు నెలల విడతను, పక్కన సంవత్సరపు చివరి రెండు అంకెలను వేసేవారు. ఆ ముద్ర సీరియల్ కాలానికి దగ్గరగా ఉంటే మనసు కుదుటపడుతుంది.

ఒమేగా సీమాస్టర్ 300 మోడల్ 165.024 దగ్గర మరింత జాగ్రత్త కావాలి. దీనిలో 552 నంబరు మూవ్‌మెంట్ ఉండాలి. అయితే అదే మూవ్‌మెంట్ ఆ కాలపు మామూలు ఒమేగా వాచీలలోనూ ఉండేది. దాన్ని తీసి, సర్వీసు కోసం తర్వాత తయారైన కేస్, డయల్, ముళ్ళు జతచేసి కూర్చిన వాచీలు ఎన్నో తిరుగుతున్నాయి. అన్నీ ఒమేగా భాగాలే! అలా కూర్చినదని చెప్పి తగిన ధరకు అమ్మితే తప్పు లేదు. రోజూ ధరించడానికి అది చక్కని వాచీ. 1960ల వాచీ ధరకు మాత్రం కొనకూడదు.

8. సైనిక వాచీలను అనుమానంతోనే చూడండి

బ్రిటిష్ సైన్యానికి ఇచ్చిన సబ్‌మెరైనర్‌కు పట్టీ పుల్లలు కొమ్ములకే వెల్డింగ్ చేసి ఉంటాయి, బెజెల్ మీద అరవై నిమిషాలకూ గీతలు ఉంటాయి, డయల్ మీద వలయంలో ‘టీ’ ఉంటుంది, మూత మీద నౌకాదళానికైతే 0552తోను, భూసైన్యానికైతే డబ్ల్యూ10తోను మొదలయ్యే చెక్కడం ఉంటుంది. ఈ లక్షణాలన్నీ అందరికీ తెలిసినవే గనుక నకిలీ చేసేవారికీ తెలుసు. చెక్కడం చేయడానికి ఒక పూట చాలు. పుల్లలు తీసేసి, కొమ్ములకు రంధ్రాలు తొలిచిన నిజమైన సైనిక వాచీలూ ఉన్నాయి; వాటి కొమ్ముల లోపలి వైపు వెల్డింగ్ ఆనవాళ్ళు భూతద్దంలో కనిపిస్తాయి. సైన్యం వాచీ జారీ చేసిన కాగితాలు, తొలి యజమాని నుంచి చేతులు మారిన వరుస లేకపోతే, దాన్ని మామూలు వాచీగానే విలువకట్టండి. మొదటి మూడు నాలుగేళ్ళూ ఈ వైపు వెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

స్టీలు పట్టీల సంగతి ఇక్కడ పొడిగించను. పట్టీ మారితే వాచీ విలువ కొంత తగ్గుతుంది, అసలుతనం పోదు. కొక్కెం మీద ఉన్న తేదీ కోడ్ వాచీ కాలానికి దగ్గరగా ఉందో లేదో చూస్తే సరిపోతుంది.

9. ఒప్పందం వ్రాతలో ఉండాలి

అమ్మేవారి నుంచి ఒక చిన్న వ్రాతపత్రం తీసుకోండి. అందులో మోడల్ నంబరు, సీరియల్ నంబరు, ఏ భాగాలు మార్చారు, వెలుగు పూత మళ్ళీ వేశారా, కేస్ పాలిష్ చేశారా అన్నవి ఉండాలి. స్వతంత్ర నిపుణుడు పరీక్షించి వేరుగా చెబితే వాచీ తిరిగి తీసుకుంటామన్న మాట కూడా ఉండాలి. ‘నాకు తెలిసినంతవరకు అసలుదే’ అన్న వాక్యానికి విలువ లేదు. పెట్టె, కాగితాలు ఉన్నంతమాత్రాన నమ్మకండి. ఖాళీ పెట్టెలు, ఖాళీ కాగితాలు విడిగా అమ్ముడవుతూనే ఉంటాయి.

10. ఇంటికి వచ్చిన తర్వాత

డయల్ మీద 200 మీటర్లు అని వ్రాసి ఉన్నా పాత వాచీని నీటిలోకి తీసుకువెళ్ళకండి. రబ్బరు వాషర్లు గట్టిపడి ఉంటాయి, క్రౌన్ గొట్టం అరిగి ఉంటుంది, మూత కూర్చునే గాడిలో తుప్పు గుంటలు పడి ఉండవచ్చు. లోపలికి చేరిన ఒక్క చుక్క ఉప్పునీరు డయల్‌ను కొద్ది రోజుల్లో పాడుచేస్తుంది, ఆ తర్వాత ఏ నిపుణుడూ దాన్ని వెనక్కి తేలేడు.

రేడియం వాచీలను గాలి ఆడే చోట ఉంచండి, ఎక్కువ వాచీలను ఒకే మూసిన పెట్టెలో దాచకండి. రేడియం నుంచి రేడాన్ అనే వాయువు పుడుతూ ఉంటుంది. వాటిని ఇంట్లో ఎంతమాత్రం తెరవకండి. పొడిగా రాలిన పూత ఊపిరితో లోపలికి వెళ్ళడమే అసలు ప్రమాదం.

సర్వీసుకు ఇచ్చేటప్పుడు నోటిమాటతో సరిపెట్టకుండా ఒక కాగితం మీద ఈ మూడు వాక్యాలూ వ్రాసి వాచీతో పాటు ఇవ్వండి: కేస్ పాలిష్ చేయవద్దు. డయల్, ముళ్ళు, బెజెల్ మార్చవద్దు, వాటికి కొత్త పూత వేయవద్దు. తప్పనిసరై ఏ భాగం మార్చినా పాతదాన్ని నాకు తిరిగి ఇవ్వండి. అలా తిరిగి వచ్చిన అరిగిపోయిన క్రౌన్‌ను, గీతలు పడిన అద్దాన్ని చిన్న పొట్లంలో పెట్టి, తేదీ వ్రాసి, వాచీ జాతకం ఉన్న నోటు పుస్తకంతో కలిపి భద్రపరచండి.